ఖాలిద్ కోసం రెండు గొంతులు

2022 అక్టోబరులో, నా రిటైర్మెంటుకు ఏడాది ముందు, దుబాయ్‌లోని మా స్టూడియో నన్ను ఉత్తరాన ఒక చిన్న పట్టణానికి పంపింది. యెమెన్ యుద్ధంలో చనిపోయిన ఆ ఊరి సైనికులకు స్మారక గది కడుతున్నారు. అందులో వినిపించడానికి ఇంటివాళ్ళ మాటలు సేకరించడం సీనియర్ సౌండ్ రికార్డిస్టుగా నా పని. మాది నెల్లూరు. అరబ్బీ దుబాయ్‌లోనే వంటబట్టింది.

ఖాలిద్ అనే సైనికుడి తల్లిని అందరూ ఉమ్మ్ ఖాలిద్, అంటే ఖాలిద్ అమ్మ, అంటారు. ఒకప్పుడు టీచరు. కొడుకు చదువు, హోదా, పతకం గురించి నిబ్బరంగా చెప్పారు. ఏం ఇష్టంగా తినేవాడని అడిగాను. ఆవిడ ఆలోచిస్తుండగానే గుమ్మం దగ్గర నుంచి జవాబొచ్చింది: "పప్పుచారు."

ఆ మాట అన్నది సత్యవతి. రాజోలు వైపు మనిషి. ఆ ఇంట్లో పనికి కుదిరి ఖాలిద్‌ను పసికందుగా ఉన్నప్పటి నుంచీ సాకింది. ఉమ్మ్ ఖాలిద్ ముఖం బిగుసుకుంది.

సత్యవతి మాటలు వంటింట్లో విడిగా తీసుకున్నాను. ఎవరిని రికార్డు చేసినా ముందు ఆ గది నిశ్శబ్దాన్ని కాసేపు పట్టుకుంటాం. కత్తిరించిన చోట అతుకు తెలియకుండా దాన్నే పరుస్తాం. ఉరిమితే ఖాలిద్ తన కొంగులో దూరేవాడనీ, సెలవు అయిపోయి వెళ్ళేటప్పుడు తెలుగులోనే "వెళ్ళొస్తా" అనేవాడనీ ఆమె చెప్పింది.

ఉమ్మ్ ఖాలిద్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నా చేత అర్థం చెప్పించుకుంటూ అంతా విన్నారు. "ఇది తీసెయ్యి. ఖలాస్. వాణ్ణి కన్నది నేను" అన్నారు. కుటుంబం వద్దన్నది వాడకూడదన్నది నియమం.

ఆ సంగతి సత్యవతికి చెప్పాను.

"తీసేయండి భాయ్‌గారూ. ఆవిడకి నా మీద కుళ్ళనుకుంటున్నారా? నాకే ఆవిడ మీద కుళ్ళు. వాణ్ణి ఇంటికి తెచ్చిన రోజు ఊరంతా ఆవిడ చుట్టూ చేరి ఏడిచింది. నేను కాఫీలు పోశాను. నన్నొక్కరూ పలకరించలేదు."

ఈ మాట ఆవిడతో చెప్పనా అని అడిగాను. చెప్పమంది.

వెళ్ళి ఉమ్మ్ ఖాలిద్‌కు చెప్పాను. ఆవిడ, "ఉంచు. కానీ ముందు నా గొంతు వినపడాలి. తర్వాతే ఆమెది" అన్నారు. అలాగే చేశాం. స్మారక గది ప్రారంభం రోజు ఆవిడ సత్యవతిని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మాత్రం నేను చూడలేదు.

ఒకే మనిషిని పోగొట్టుకున్న ఇద్దరిని విడివిడిగానే రికార్డు చేయాలి. అయితే ఏదైనా కత్తిరించే ముందు ఒకరి మాట రెండోవారికి వినిపించాలి. మిగిలిన సర్వీసంతా నేను ఈ పద్ధతే పాటించాను.