మీసాల పెండ్లికొడుకు

పొద్దున్నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. కురబలకోటలో మా పెరటి మామిడి కొమ్మలు సగం ఎండిపోయాయి. మానులో వేలు పట్టేంత రంధ్రం, దాని కింద రంపపు పొట్టులాంటి పొడి.

ఆ పొడి వాసనకే చిన్నప్పటి మా సుద్దముక్కల పెట్టె, అందులోని రంపపు పొట్టు గుర్తొచ్చాయి. మీరూ పట్టారు కదా, తుమ్మచెట్ల మీద పచ్చగా మెరిసే జీరంగులను? ఆ మెరుపు మాకు పట్టుచీర, అందుకని జీరంగి పెండ్లికూతురు. మామిడి మీద దొరికే పొడుగు మీసాల బూడిదరంగు పురుగు పెండ్లికొడుకు. ఒకటి వేర్లు తిని, ఇంకొకటి మాను తొలిచి పెరిగే వేర్వేరు జాతులని మాకేం తెలుసు? పసుపు దారం చుట్టి ఇద్దరినీ ఆ పెట్టెలో పెట్టాం. జీరంగి నోరెత్తలేదు. మీసాలది మాత్రం ముట్టుకుంటే చాలు, కీచుమనేది.

"పెండ్లికొడుకు ఏడస్తాండాడే, ఇడిసిపెట్టండమ్మా" అంది మా అవ్వ.

మేం వినలేదు. తెల్లారి చూస్తే పెట్టె మూల కొరికేసి ఉంది. జీరంగి బియ్యపు గింజల్లాంటి గుడ్లు పెట్టుకుని ఒంటరిగా మిగిలింది.

ఇప్పుడు మా ఆయన ఇనుప తీగ నా చేతికిచ్చి, "యాల సూస్తా నిలబడుకోనుండావు, లోపలుండే పురుగును గుచ్చు" అంటున్నాడు.

తీగ రంధ్రం దాకా పోయి వెనక్కి వస్తోంది. మానుకు చెవి ఆనించాను. లోపల కరకరమని నములుతున్న చప్పుడు.

పెండ్లికూతురిని వదిలి పారిపోయినవాడు ఎక్కడ కాపురం పెట్టాడో ఇన్నాళ్లకు తెలిసింది.