చీర చెంగుకు పడిన ముడి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మేదాన్నైతే రొయ్యల కంపెనీలో రాత్రి డ్యూటీ చేసేదాన్నే కాదు. తొమ్మిదికి వ్యాను ఎక్కితే తెల్లారి ఆరు దాకా ఐసునీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసే పని. అక్కడికి దయ్యం వచ్చినా దాని ముందూ ఒక బుట్ట పెట్టి కూర్చోబెడతారు.

నన్ను పీడించింది నిద్ర. ఊరందరికీ పగలైతే నాకు అర్ధరాత్రి. పడుకుందామంటే కూరగాయల ఆటో మైకు, పక్కింటి మిక్సీ, పలకరించడానికి వచ్చే చుట్టాలు. "పగలు పడుకునే కోడలు" అని పేరు కూడా పడింది. సెలవు రాత్రి మాత్రం ఎంత దొర్లినా కన్ను మూతపడదు. ఏడాది గడిచినా ఒళ్లు ఆ పద్ధతికి రాలేదు.

మా ఆయన తెల్లవారకముందే వేటకు పోతాడు. నేను వచ్చాక అత్త చేపల గంపతో విడవలూరు పోతుంది. మధ్యాహ్నం మూడు దాకా ఇంట్లో నేనూ, మూడేళ్ల పాపా. వెనక వాకిలి దాటితే ఉప్పుకాలువ. అందుకని ఆ తలుపుకు పైగడియ పెట్టి, నా చీర చెంగు పాప కాలికి కట్టి పడుకునేదాన్ని, కదిలితే మెలకువ వస్తుందని.

నేను పుట్టింది వరి పండించే ఊళ్లో. నాకొచ్చింది లాగితే ఊడే మామూలు ముడి. వేటకు పోయే ఇంటికి కోడలినై వచ్చినా వల ముడి వేయడం నాకు రాలేదు. అత్త దానికి ఎగతాళి చేసేది.

ఆ రోజు వరసగా ఐదో రాత్రి పనిచేసి వచ్చాను. చెంగు కట్టడం గుర్తుంది. గడియ పెట్టడం గుర్తులేదు. ఛీ, నిజం చెప్పాలి కదా, పెట్టలేదు. చాప మీద వాలాక వెనక తలుపు సందులోంచి ఎండ కనిపించింది. లేవాలనుకున్నాను, ఒళ్లు లేవలేదు.

మెలకువ వచ్చేసరికి రెండు దాటింది. పాప పక్కనే నిద్రపోతోంది. గౌను నడుము దాకా తడి. మోకాళ్ల దాకా నల్లబురద, వేళ్ల సందుల్లో నాచు. వెనక తలుపు చూశాను. పైగడియ పెట్టి ఉంది. మునివేళ్ల మీద నిలబడితే తప్ప అది నాకే అందదు. ముందు తలుపుకూ లోపలి నుంచే గడియ.

నా పాదాలు చూసుకున్నాను. పొడిగా ఉన్నాయి. చీర మీద బురద చుక్క లేదు. పాపను ఎత్తుకోబోతే చెంగు పట్టేసింది. ఎంత లాగినా ముడి ఊడలేదు. అది నేను వేసిన ముడి కాదు.

అత్త వచ్చాక ఏడుస్తూ అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె ముడిని వేలితో తడిమి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమ్మే, ఇది యాడ నేర్చుకున్నావు?"

"నాకు రాదని నీకు తెలుసు కదత్తా."

ఆమె అటక మీది పాత వల దించింది. మా మామ అల్లిన వల. ఆయనది ఎడమచేతి వాటం. అందరి ముడీ ఒకవైపు తిరిగితే ఆయన ముడి రెండోవైపు తిరుగుతుంది. మా ఆయనకు కూడా అలా రాదు. పైగా ఆ రోజు సాయంత్రం దాకా ఆయన సముద్రం మీదే ఉన్నాడు. మామ నా పెళ్లికి ముందే అదే సముద్రంలో పోయాడు. వల పక్కన చెంగు పెట్టి చూశాం. రెండు ముళ్లూ ఒకటే.

పాపను అడిగాం. "అమ్మే ఎత్తుకొచ్చింది" అంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

మా ఊరి నర్సమ్మకు చెప్పాను. "నిద్ర సరిగ్గా లేనోళ్లు ఒక్కోసారి నిద్రలోనే లేచి పనులు చేస్తారమ్మా, వాళ్లకే తెలియదు" అంది. సరే, నేనే నడిచాననుకుందాం. మరి కాలు తడవకుండా కాలువలోంచి బిడ్డను ఎలా తెచ్చాను? రాని ముడి ఎలా వేశాను అని ఆమెనే అడిగాను. ముందు కంటినిండా నిద్రపో అంది.

పగటి డ్యూటీకి మారిపోయాను. పాప అంగన్‌వాడీకి పోతోంది. ఆ ముడి విప్పలేక అత్త చెంగే కత్తిరించింది. ఆ ముక్క ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అప్పుడప్పుడూ ముందు పెట్టుకుని అలాంటిది వేయాలని చూస్తాను. నా చేతులకు రాదు.

నన్ను వణికించేది దయ్యం కాదు. మెలకువగా ఉన్న తల్లి గడియ పెట్టలేదు. ఆ తర్వాత ఎవరో కాలువ దాకా పోయి, నా బిడ్డను తెచ్చి, గడియ పెట్టారు. అది నేనో, మామో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సమయంలో నేను నిద్రపోతున్నాను.