మొదటి పావుగంట

టార్చి బాబాయి ముప్పై నాలుగేళ్లు సినిమా హాల్లో పనిచేశాడు. అన్నేళ్లలో ఒక్క సినిమా కూడా మొదటినుంచి చూడలేదు. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది గానీ నిజం.

బాల్కనీ ఎడమ తలుపు ఆయనది. ఆట మొదలయ్యాక మొదటి పావుగంటా ఆలస్యంగా వచ్చేవాళ్లతోనే సరి. టిక్కెట్టు చింపి, సగం ముక్క చేతికిచ్చి, చీకట్లో వాళ్లను సీటు దాకా తీసుకెళ్లాలి. టార్చి తన ముందు వేసుకుంటే వెనకవాళ్లు మెట్టు తప్పుతారు. అందుకని చెయ్యి వెనక్కి పెట్టి, వెలుగు వాళ్ల పాదాల ముందు పడేలా నడిచేవాడు. అందరినీ సర్ది ఆయన గోడకు చేరబడేసరికి, తెర మీద చావవలసినవాళ్లు చచ్చి, విడిపోవలసినవాళ్లు విడిపోయి ఉండేవారు.

అయినా సినిమాల విషయంలో బాబాయి మాటకు ఆ వీధిలో తిరుగులేదు. "బాబాయ్, ఎలా ఉంది?" అని అడక్కుండా ఎవరూ టిక్కెట్టు కొనేవారు కాదు. బాబాయికి ఆ ధైర్యమంతా పిన్ని వల్లే. పిన్ని అంటే ఆయన భార్యే. ఆయన అందరికీ బాబాయి గనక ఆమె అందరికీ పిన్ని అయింది. ఇంట్లో బట్టలు కుట్టేది. కొత్త సినిమా వచ్చిన రోజు మధ్యాహ్నం ఆటకు వెళ్లి, కుర్చీలో ముందుకు వంగి కూర్చుని, మొదటి పావుగంటను కళ్లతో మింగేసేది. ఆట వదిలాక బాల్కనీ మెట్ల కింద ఇద్దరూ క్యారియరు విప్పుకున్నప్పుడు, ఒక్క ముక్క పోకుండా ఆయనకు అప్పజెప్పేది. "మిగతాది మీరు చూసిందేగా" అని గిన్నెలు సర్దుకునేది.

ఏడుపు సినిమాలంటే బాబాయికి ప్రాణం. కోపం కూడా వాటి మీదే. ఒక తల్లి దగ్గి దగ్గి పోయే సినిమాకి హాలంతా ముక్కులు చీదుతుంటే, "ఏడిపించడం ఏం గొప్పరా, ఉల్లిపాయ కూడా ఏడిపిస్తుంది" అని తీసిపారేశాడు. ఇద్దరన్నదమ్ములు ఒక గోడ కోసం కోర్టుకెక్కిన సినిమా ఇంకోటి వచ్చింది. అందులో తమ్ముడు కేసు గెలిచి ఇంటికొచ్చి, చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి కూర్చుంటాడు. అంతే, డైలాగు లేదు. నాలుగు రోజులే ఆడింది. ఆ నాలుగు రోజులూ ఖాళీ హాల్లో నిలబడి చూసి, "అదీ ఏడుపంటే!" అన్నాడు. అన్నిటికన్నా ఆయనకు ఒళ్లు మండేది మతిమరుపు కథలంటే. పాత పాటో పాత వస్తువో ఎదురుపడగానే హీరోయిన్‌కి అన్నీ గుర్తొచ్చేస్తాయి. "ఫ్యూజు వెయ్యగానే వెలగడానికి మనిషి బుర్రేమన్నా వీధి దీపమా? ఆ రాసినవాణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టండి, కడిగేస్తాను!" అనేవాడు.

ఒక శుక్రవారం పిన్ని చెప్పిన మొదలు పట్టుకుని బాబాయి టీకొట్టు దగ్గర తీర్పు చెప్పేశాడు. మేనమామ చిన్నప్పుడే ఇంట్లోంచి గెంటేశాడు గనక హీరో కోపంలో న్యాయముందన్నాడు. టీ తాగుతున్నవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు.

"ఈ సినిమాలో మేనమామే లేడు కదా బాబాయ్!" అన్నాడొకడు. అందరూ గొల్లుమన్నారు. పిన్ని చెప్పింది ఆరేళ్ల కిందటి సినిమా మొదలు.

బాబాయికి తలకొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "హాల్లో నిద్రపోయావు కదూ? నిద్రపోయి నోటికొచ్చింది చెప్పావు! నలుగుర్లో నా పరువు తీశావు!"

"లేదండీ. చూశానండీ" అంది పిన్ని, సూదిలోకి దారం ఎక్కించలేక అవస్థపడుతూ.

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదాయన. అది తలచుకుని ఇప్పటికీ ఒంటరిగా లెంపలు వేసుకుంటాడు. మిగిలినవి ఎన్ని రోజులో తెలియక, అందులో రెండింటిని చేజేతులా పారేసుకున్నాడు.

ఆ తర్వాత అన్నీ వరసగా జరిగాయి. పిన్ని ఒక చొక్కాకు రెండూ ఎడమచేతులే కుట్టింది. ఇంకో రోజు సందు చివరిదాకా వెళ్లి ఇంటి దారి మర్చిపోయింది. డాక్టరు పరీక్షలన్నీ చూసి, "ఇది పెరిగేదే గానీ తగ్గేది కాదు. దగ్గరుండి చూసుకోండి" అన్నాడు. ఇలాంటి సీన్లు బాబాయి ఎన్ని చూశాడో! తెర మీద మొగుళ్లు డాక్టరు కాలరు పట్టుకుని అరుస్తుంటే, మరీ అతి అనుకునేవాడు. తన వంతు వచ్చేసరికి మందుల చీటీ నాలుగు మడతలు పెట్టి, "ఇక్కణ్ణుంచి బస్సు ఎక్కడెక్కాలండీ?" అని మాత్రం అడగగలిగాడు.

ఉద్యోగం మానేశాడు. టార్చి మాత్రం వెనక్కివ్వలేదు. ఇప్పుడు టీవీలో ఏ సినిమా అయినా మొదటినుంచి చూడొచ్చు, కానీ చూడబుద్ధి కాదు. ఈమధ్య పిన్ని ఆయన్ని కూడా గుర్తుపట్టడం లేదు. అన్నం కలిపి పెడితే తింటుంది. తిని, "ఇంక వెళ్లు బాబూ, మీ ఆవిడ ఎదురుచూస్తుంటుంది" అంటుంది. పెళ్లయిన దగ్గర్నుంచి "ఏమండీ" తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి అలా అంటుంటే బాబాయి కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోతాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తను ఎవరో ఆమెకు తెలిస్తే చాలనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం కిటికీలన్నీ మూశాడు. తలుపు కింద సందులో దుప్పటి కుక్కాడు. గదంతా చీకటయింది. వాళ్ల పరిచయం కూడా టార్చి వెలుగులోనే అయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆలస్యంగా వచ్చిన ఒక అమ్మాయిని సీటు దాకా తీసుకెళ్లాడు. పోయిన మొదలు చూడాలని ఆ అమ్మాయి మర్నాడు మళ్లీ వచ్చింది. ఇంటర్వెల్లో ఆయన అడిగితే ఆ మొదలంతా చెప్పింది.

ఏ సినిమావాణ్ణి నిలబెట్టి కడగాలనుకున్నాడో, వాడి పనే ఇప్పుడు తను చేస్తున్నాడని బాబాయికి తెలుసు. సిగ్గేసింది. అయినా ఇంకేం చెయ్యాలో తోచలేదు.

పిన్నిని వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టి, చెయ్యి వెనక్కి పెట్టి టార్చి వేశాడు. ఎన్నో నెలలుగా గోడలు పట్టుకుని నడుస్తున్న మనిషి, ఆ వెలుగు వెంట తడబడకుండా వచ్చింది. మంచం మీద కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, ముందుకు వంగింది. బాబాయి ఆమె ఎదుట నిలబడి వెలుగు తన ముఖం మీద వేసుకున్నాడు.

"నేనెవరినే?" అన్నాడు.

పిన్ని చూపు ఆయన వెనక ఉన్న గోడ మీద ఉంది.

"కాస్త పక్కకి జరుగు బాబూ, కనబడట్లేదు. మొదలు పోకూడదు. మా ఆయన తలుపు దగ్గర డ్యూటీలో ఉన్నారు, నేనే చెప్పాలి. మొన్న ఏదో తప్పు చెప్పానట, రెండు రోజులు నాతో మాట్లాడలేదు" అంది.

బాబాయి టార్చి ఆర్పి, పక్కకి జరిగాడు.