నాయన నీలం వేళ్లు

నిన్న తిరువళ్ళూరు స్టేషన్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయల వాసన తగిలితే నోరూరలేదు, సిగ్గేసింది.

మగ్గాల వీధిలో పెరిగిన నేస్తాలూ, గుర్తుందా? నూలుకు రంగువేసే మన నాయనల వేళ్లు ఎంత తోమినా నీలంగానే ఉండేవి.

నేను మూడో తరగతిలో ఉండగా నాయనా నేనూ తిరుత్తణి కొండమీది గుడికి వెళ్లాం. కొండ దిగాక మెట్ల దగ్గర ఒక అవ్వ వేరుశనక్కాయలు పొట్లం కట్టిచ్చింది. నాయన ఒక్కో కాయా ఒలిచి నా చేతిలో పెడుతున్నాడు. అంతలో మా క్లాసు అమ్మాయి ఎదురుపడి ఆ వేళ్లకేసి చూసింది.

"ఆ చేత్తో ఈవద్దు నాయనా, అసింగంగా ఉండాది!" అని అసహ్యించుకుంటూ కసిరాను.

"సరేమ్మా, నువ్వే ఒల్చుకో" అని పొట్లం మొత్తం ఇచ్చేశాడు. అంతా నేనే తిన్నాను.

ఆ సాయంత్రం మన ఊళ్లో రైలు దిగి రోడ్డు దాటబోతూ ఎప్పట్లా చెయ్యి చాపాను. నాయన తన చెయ్యి ఇవ్వలేదు.

"దీన్ని పట్టుకోమ్మా" అంటూ భుజం మీది తుండుగుడ్డ కొస అందించాడు.