చెంబుడు నీళ్లకు కరిగిపోయిన బస్సు

బస్సులు బోల్తా పడటం మీరు చూసే ఉంటారు. చెట్టును గుద్దుకోవడం, ఘాట్ ఎక్కలేక వెనక్కి జారడం, డీజిలు అయిపోయి నడిరోడ్డు మీద నిలబడిపోవడం కూడా చూసే ఉంటారు. బస్సు కరిగిపోవడం చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, దగ్గరుండి కరిగించాను. అదీ పెనుకొండ బస్టాండు ఎదురుగా, పట్టపగలు, పాతికమంది డ్రైవర్లూ కండక్టర్లూ చప్పట్లు కొట్టడానికి చేతులు ఎత్తి పెట్టుకుని ఉండగా. ఆ పాపంలో సగం నాది, సగం నేను ఏరికోరి కొన్న ఒక ప్రింటరుది. ప్రింటరు నోరు తెరవదు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

మా నాయన హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే ప్రైవేటు బస్సుకు డ్రైవరు. ఇరవై ఆరేళ్లు ఒకటే ఓనరు, ఒకటే రూటు. చివరి పదిహేనేళ్లూ ఒకటే బస్సు. ఎర్రటి బస్సు. నుదుటి మీద ఓనరు వాళ్లమ్మ పేరు ‘చిట్టెమ్మ’ అని తెల్లటి అక్షరాలు, పక్కల పసుపు పూలతీగ, వెనక పురి విప్పిన నెమలి. నాయన పని మానుకోవడానికి నెల ముందు ఓనరు ఆ బస్సును పాత ఇనుముకు ఇచ్చేశాడు.  ఆ రోజు నుంచి నాయన కంచం ముందు కూర్చుని, గేరు మార్చినట్టు సంగటి ముద్దను అటూ ఇటూ కదిపేవాడే గానీ నోట్లో పెట్టుకునేవాడు కాదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. హిందూపురంలో ఇళ్లలోకి కంప్యూటర్లు ఒకటీ అరా దిగుతున్న కాలం. పగలు ఒక విత్తనాల అంగట్లో బిల్లులు కొట్టడం, సాయంత్రం ఇంట్లో కూర్చుని చెక్కతో, రేకుతో బుల్లి లారీలూ బస్సులూ చేయడం నా పని. నాయన దృష్టిలో అది పని కాదు. “పెండ్లీడుకొచ్చినోడు బొమ్మలతో ఆడుకుంటాండాడు” అని వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు. నేను చేసిన ఏ పనినీ ఆయన ‘బాగుండాది’ అన్న పాపాన పోలేదు. పదో తరగతి పాసైతే “ఊఁ” అన్నాడు. ఉద్యోగం వస్తే “చూద్దాం” అన్నాడు.

అందుకని ఒక పథకం వేశాను. నాయన పని మానుకునే రోజున పెనుకొండలో ఓనరూ తోటి డ్రైవర్లూ ఆయనకు శాలువా కప్పి సన్మానం చేస్తామన్నారు. ఆ రోజున ఆయన బస్సును ఆయన చేతుల్లో పెట్టాలి. ఆయన నోటి నుంచి ఒక్క ‘బాగుండాది’ రాబట్టాలి. అంతకు మించి నాకు ఏ పద్మశ్రీలూ అక్కర్లేదు.

మూరెడు బస్సు మూడు వారాల్లో తయారైంది. సీట్లు, స్టీరింగు, మెట్లు, టాపు మీద లగేజీ కటాంజనం, అన్నీ కుదిరాయి. కుదరనిది రాత ఒక్కటే. కుంచె పట్టుకుంటే నా చెయ్యి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. నెమలిని గీస్తే కోడి అయింది. కోడిని దిద్దబోతే చేట అయింది.

ఇలాంటి చేతకాని వాళ్ల కోసమే దేవుడు డెకాల్ కాగితం పుట్టించాడు. దాని మీద గాజులాంటి పల్చటి పొర ఉంటుంది. పొర మీద బొమ్మ అచ్చువేసి నీళ్లలో నానబెడితే పొర కాగితాన్ని వదిలేస్తుంది. దాన్ని మెల్లగా బస్సు మీదికి జార్చి అంటిస్తే పెయింటరు రాసినట్టే ఉంటుంది. బెంగళూరు నుంచి మూడే మూడు షీట్లు తెప్పించాను. నీళ్లలో నానబెట్టాలి, మరిచిపోకండి. నేను మరిచిపోయాను.

ఇంట్లో పాత కంప్యూటరు ఒకటి ఉంది గానీ ప్రింటరు లేదు. దాని కోసం మెయిన్ బజారులో కంప్యూటర్ల అంగడికి పోయాను. అంగడాయన అంజినప్ప.

“ఏం అచ్చేసుకుంటావన్నా?”

“బస్సు.”

“బస్సు టిక్కెట్లా?”

“కాదు, బస్సే.”

ఆయన కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. అయినా వ్యాపారస్థుడు కదా, ఓపిగ్గానే చెప్పాడు.

“ఇది లేజరు. నలుపు ఒకటే వస్తాది. పొడిని కాల్చి అంటిస్తాది, నీళ్లలో ముంచినా కదల్దు. ఇదేమో ఇంకుజెట్టు. అన్ని రంగులూ వస్తాయి. ఇంకు చిమ్ముతాది. కాకపోతే...”

ఆ ‘కాకపోతే’ తర్వాతి మాట వినే బుద్ధే ఉంటే నాకు ఇంత కథ ఎందుకు జరుగుతుంది? ఇంకుజెట్టులోంచి అప్పుడే ఒక రామచిలక అచ్చు బయటికి వచ్చింది. దాన్ని పట్టుకుని గడప దగ్గరికి పోయాను. ఎండలో పరిచాను, ఏటవాలుగా తిప్పాను, దూరంగా పట్టి చూశాను, దగ్గరగా పట్టి చూశాను. మా అమ్మ ధర్మవరంలో పట్టుచీర కొనేది అచ్చం ఇలాగే. ఆ తర్వాత కూడా అమ్మ లాగే చేశాను. ధర విని లేచి నాలుగడుగులు నడిచాను, పిలిస్తే వెనక్కి వచ్చాను, జాకెట్టు గుడ్డకు బదులు ఒక కాగితాల కట్ట ఉచితంగా రాబట్టాను. చీర బేరంలో నేను మరిచిపోయినది ఒక్కటే ఉంది. అది తర్వాత చెప్తాను, ఇప్పుడే తిట్టకండి.

ఇంటికొచ్చి మొదటి షీటు అచ్చు వేశాను. తీగ వచ్చింది, నెమలి వచ్చింది, చిట్టెమ్మ రాలేదు. ప్రింటరును భుజాన వేసుకుని అంజినప్ప దగ్గరికి పరుగెత్తాను.

“నీ మిషను చెడిపోయింది. తెలుపు రాలేదు.”

“తెలుపు యాడొస్తాదన్నా? అందులో తెల్ల ఇంకే ల్యా!”

“మరి అన్ని రంగులూ వస్తాయంటివే?”

“తెలుపంటే కాగితమే కదన్నా!”

“నా కాగితం గాజు మాదిరి ఉండాది.”

“అయితే తెల్ల కాగితం తెచ్చుకో.”

“తెల్ల కాగితమైతే నీ మిషనెందుకు? ఉత్తుత్తి కాగితమే అంటించుకుంటా!”

అంగట్లో ఉన్న నలుగురూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. అంజినప్ప నీళ్లు తాగి, బస్సు మీద ముందు తెల్లరంగు పట్టీ పూసుకుని, దాని మీద నీలం అక్షరాలు అంటించుకోమని సలహా ఇచ్చి, నన్ను మెట్లు దింపి మరీ వెళ్లాడు.

నుదుటి మీద, పక్కల, వెనక తెల్ల పట్టీలు పూశాను. రెండో షీటు మీద నీలం చిట్టెమ్మను అచ్చువేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని నీళ్ల పళ్లెంలో వదిలాను. పొర జారింది. కానీ పొర కంటే ముందు నెమలి జారింది, దాని వెనకే తీగ జారింది, చివరకు పళ్లెంలో వసంతోత్సవం జరిగింది. నా చేతిలో మిగిలింది నిర్మలమైన, నిష్కళంకమైన, ఖాళీ పొర.

ధర్మవరంలో నాకు బాబాజాన్ అనే స్నేహితుడున్నాడు. పట్టుచీరలకు కంప్యూటరు మీద డిజైన్లు వేసేవాడు. మర్నాడు వాడి దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాను. వాడు ముందు తనివితీరా నవ్వుకుని, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

“ఏమప్పా శీనా, చీర కొనేటప్పుడు కొంగు తడిపి, తెల్లగుడ్డతో రుద్ది చూస్తారే! రంగు పోతాదో ల్యాదో చూడకుండా ధర్మవరంలో చంటిబిడ్డ కూడా కొనదు. నువ్వు మిషను కొనేటప్పుడు ఆ అచ్చును తడపలేదా?”

ఇదండీ నేను మరిచిపోయినది.

“ఇప్పుడేం చేయాల్రా?”

“అచ్చేసినాంక వార్నిష్ కొట్టు. ఆరినాంక నీళ్లలో ఎయ్యి. బస్సుకు అంటించినాంక మళ్ల దాని మీద ఇంకో రెండు పూతలు కొట్టు. ఆ రెండూ మర్చిపోవద్దప్పా, అంచుల్లోంచి నీళ్లు దూరతాయి.”

రంగు కారాక వార్నిష్ పట్టుకున్నట్టు, మిగిలిన ఒకే ఒక్క షీటుతో పనిలో దిగాను. ఈసారి అంతా అద్భుతంగా కుదిరింది. చిట్టెమ్మ నుదుటి మీద నిలిచింది, నెమలి పురి విప్పింది. నా కళ్లు నాకే చెమర్చాయి. ఇక పైపూతలు. వెనక మూల కొంచెం కొట్టి చూస్తే తెలుపు కాస్త పసుపు తిరిగింది. అంత అందాన్ని చేతులారా చెడగొట్టుకుంటానా? ‘అయినా శాలువా కప్పే సభలో బస్సు మీద నీళ్లెవరు పోస్తారు?’ అనుకున్నాను. నేను ఒక డ్రైవరు కొడుకునై ఉండి అనుకున్నాను.

పెనుకొండ బస్టాండు ఎదురుగా టీ హోటలు ముందు షామియానా వేశారు. ఓనరు వచ్చాడు, రూటులో ఉన్న డ్రైవర్లందరూ వచ్చారు. గుడ్డ తీసి బస్సును బల్ల మీద పెట్టాను. అందరూ “అబ్బబ్బబ్బ!” అన్నారు. నాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆయన పెదవులు కదిలాయి. ‘బా’ అనబోతున్నాడని నాకు తెలిసిపోయింది.

అప్పుడే ఓనరు లేచాడు. “కొత్త బండి! పూజ చేయకుండా చేతికి ఎట్లిస్తారప్పా?”

అందరూ “అవునవును” అన్నారు. నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల ముందు పెట్టారు. ప్రతి నిమ్మకాయా చక్రానికి రెట్టింపు ఉంది. తోస్తే బస్సు ముందుకు పోకుండా ముందు కాళ్లెత్తిన గుర్రంలాగా పైకి లేచింది.

“నిమ్మకాయ పెద్దదాయ. రేగ్గాయలు పెడదాం” అన్నాడొక కండక్టరు.

“రేగ్గాయ శాస్త్రంలో ల్యాదబ్బా!” అన్నాడింకొకడు.

ఈ చర్చ పది నిమిషాలు నడిచింది. నేను నవ్వుతూ నిలబడ్డాను. అప్పుడు జనంలోంచి నాగన్న వచ్చాడు. ఆ పాత బస్సుకు మొదటి నుంచీ క్లీనరు ఆయనే, అరవై ఏళ్ల మనిషి. లుంగీ ఎగ్గట్టుకున్నాడు. చేతిలో చెంబు.

“పూజకు ముందు కడగల్ల కదా? పదిహేనేండ్లు దినామూ నా చేత్తోనే కడిగినా. ఇంగొక్కసారి కడుగుతాను శీనా.”

 ముసలాయన అంత మాటన్నాక వద్దని ఎలా అంటాను? “కొంచెమే, నాగన్నా, చిలకరిస్తే చాలు” అన్నాను. ఆయన జన్మలో బస్సును చిలకరించి ఎరుగడు. టాపు మీది నుంచి చెంబెడు కుమ్మరించాడు.

మొదట పూలతీగ కదిలింది. తర్వాత నెమలి తోక పొడుగై, ఇంకా పొడుగై, బంపరు దాటి బల్ల మీదికి పాకింది. నుదుటి మీది నీలం అద్దం మీదికి దిగింది. ఓనరు గుండెలు బాదుకున్నాడు. “రేయ్, మాయమ్మ కారిపోతాండాదిరా! ఎవరన్నా పట్టుకోండ్రా!”

పట్టుకోవడానికి నాగన్న తువాలు తీసి గట్టిగా తుడిచాడు. మిగిలిన చిట్టెమ్మ కాస్తా తువాల్లోకి వెళ్లిపోయింది. తువాలు వంకా, తన చేతి వంకా మార్చి మార్చి చూసుకున్నాడు. “అసలు బండికి ఇన్నేండ్లలో చుక్క రంగు పోలేదే! నా చేయి యాపొద్దుట్నుంచి ఇంత పదునాయె?”

పాతికమంది ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. వాటిని దించుకోవాలో, తల గోక్కోవాలో ఎవరికీ తోచలేదు. నేను భూమిలోకి దిగిపోవడానికి సందు వెతుక్కుంటున్నాను. నాయన లేచాడు. తడి బస్సును రెండు చేతులతో ఎత్తి, డ్రైవరు కిటికీలోంచి లోపలికి చూశాడు. ఆయన ఎప్పుడూ సీటు మీద మడిచి వేసుకునే పచ్చ తువాలు పాతదైతే, దాని మూల కత్తిరించి ముందే ఆ బుల్లి సీటు మీద వేసి ఉంచాను. దాన్ని చాలాసేపు చూశాడు. చూసి, బస్సును తెల్లచొక్కాకు హత్తుకుని, “పోదాం పా” అన్నాడు. అంతే.  నా పథకం ధర్మవరం దాకా పోలేదు, పెనుకొండలోనే పంక్చరైందని ఖాయం చేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఆ చొక్కాతో యుద్ధం మొదలుపెట్టింది. సబ్బు, నిమ్మకాయ, ఉప్పు, బండ మీద బాదుడు, అన్నీ అయ్యాయి. బస్సు మీద ఒక్క చెంబుకు నిలవని ఇంకు, చొక్కా మీద పది బకెట్లకు కూడా చెక్కుచెదరలేదు. ఎద మీద నీలం మరక, పక్కన పచ్చటి నెమలి తోక, కింద పసుపు చారలు.

“ఇంగ ఇది పొయ్యి తుడుసుకునేకే” అంది అమ్మ.

“ఇట్ల తే” అన్నాడు నాయన. చొక్కా ఆరీ ఆరకముందే తొడుక్కుని బయటికి నడిచాడు. నేను కొంచెం వెనకగా పోయాను. టీ అంగడి దగ్గర ఆయన పాత జోడీ కండక్టరు అడిగాడు.

“ఏమప్పా, చొక్కాకేమాయ? హోలీ ఆడొచ్చినావా?”

నాయన ఎద విరుచుకుని నిలబడ్డాడు. “మావాడు నా బస్సు చేసినాడు. బాగుండాది.”

ఆ చొక్కా చిరిగిపోయేదాకా ప్రతి పండక్కీ అదే తొడిగాడు.

కనుక ఈ జిల్లా ప్రజల సమక్షంలో, మనోవాక్కాయకర్మలా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నీళ్ల చెంబు లేకుండా ఏ అంగడి గడపా తొక్కను, ఏ రంగునూ తడపకుండా నమ్మను. మొన్న కొత్త టీవీ కొనబోయినప్పుడు కూడా ఈ మాటకే కట్టుబడ్డాను. అంగడివాడు అడ్డం పడి చెంబు లాక్కోకపోతే ఆ టీవీ సంగతి కూడా తేలిపోయేది.