ముహూర్తపు పాస్‌వర్డ్

సామేలు ఉద్యోగమేమిటో లాలాపేటలో ఎవరికీ సరిగ్గా తెలియదు. "కంప్యూటర్లకు కావలి" అని వాసంతి చుట్టుపక్కల వాళ్లకు చెప్పేది. భార్య చెప్పిందే నిజం. జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చి, అడిక్‌మెట్‌లో గది అద్దెకు తీసుకుని, యూనివర్సిటీ క్యాంపస్‌లో చదివి, తార్నాకలో పరుశురాం గారి కంపెనీలో చేరాడు. పని పోయినా ఇంకో పని దొరుకుతుంది గానీ పేరు పోతే దొరకదని అతని భయం. అందుకే ఆఫీసు పెన్ను కూడా ఇంటికి తెచ్చేవాడు కాదు.

యూనివర్సిటీ మార్కులను కంప్యూటర్‌కెక్కించి మెమోలు తయారుచేయడం ఆ కంపెనీ పని. తొంభై ఏడులో క్యాంపస్ నుంచి కంపెనీ సర్వర్ దాకా లైను వేశారు. ప్రారంభోత్సవం పెళ్లంత ఘనంగా జరిగింది. పంతులు గారు ముహూర్తం పెట్టారు, సర్వర్‌కు బొట్టు పెట్టారు. క్యాంపస్ వాళ్లంతా చూస్తుండగా పరుశురాం గారు ఒక్కో అక్షరం పైకి చదువుతూ 'యాదగిరి' అని పాస్‌వర్డ్ కొట్టారు. అందరూ చప్పట్లు కొట్టి లడ్డూలు తిన్నారు. లడ్డూతో పాటు తాళంచెవి కూడా పంచిపెట్టారని సామేలుకు తప్ప ఎవరికీ తట్టలేదు.

మర్నాడే వెళ్లి పాస్‌వర్డ్ మారుద్దామన్నాడు.

"మార్చుడేంది? ముహూర్తంల వెట్టింది. మీవోళ్లకు గిసొంటివి ఉండయి గానీ మాకు పట్టింపు" అన్నారు పరుశురాం గారు నవ్వుతూ.

'మీవోళ్లు' అన్న మాటకు సామేలుకు ఒళ్లు మండింది. అయినా పట్టు వదల్లేదు. పోనీ, బయటి నుంచి వచ్చే ప్రతివాడినీ ఆపి, రావలసినవాడినే లోపలికి వదిలే ఫైర్‌వాల్ అనే పెట్టె ఒకటి కొనమన్నాడు. క్యాంపస్ ల్యాబులో కూర్చున్న ఏ విద్యార్థి అయినా ఈ లైను పట్టుకుని మార్కుల దాకా రావచ్చని, ఎలా రావచ్చో వరుసగా వివరించి ఉత్తరం కూడా రాసిచ్చాడు.

"గా డబ్బా కొంటే ఎవలికి కనవడతది, సామేలూ? రిసెప్షన్ల అద్దాలు పెట్టిస్తే వచ్చినోడు కండ్లార చూస్తడు."

అద్దాలు వచ్చాయి. ఏసీ వచ్చింది. డబ్బా రాలేదు.

చెబితే వినని మనిషి చూస్తే నమ్ముతాడని సామేలు ఆశ. ఒకనాడు బతిమాలి పరుశురాం గారిని క్యాంపస్ ల్యాబుకు తీసుకుపోయాడు. పరీక్షల విభాగం ఆఫీసరు నరేందర్‌ను కూడా పిలిచాడు. విద్యార్థులు వాడే కంప్యూటర్ ముందు కూర్చుని రెండు నిమిషాల్లో మార్కుల జాబితా తెరిచాడు. నరేందర్ ముఖం పాలిపోయింది. పరుశురాం గారు మాత్రం సామేలు భుజం తట్టి, "శానా తెలివైనోడు మావోడు" అని మురిసిపోయారు. అంతే. ఆ తర్వాత సామేలు ఇంకో రెండు ఉత్తరాలు రాశాడు. ఆయన వాటి మీద ఆకుపచ్చ సిరాతో 'చూశాను' అని సంతకం చేసి ఫైల్లో పెట్టించారు. ఏం చూశారో ఆ పైవాడికే తెలియాలి.

మరుసటి ఏడు ఫలితాల్లో నలభై మంది ఫెయిలైనవాళ్లు పాసైపోయారు. పత్రికలు గోల పెట్టాయి. యూనివర్సిటీ విచారణ వేసింది. ఎవడో ల్యాబు నుంచే లోపలికి దూరి మార్కులు దిద్దాడని తేలింది.

విచారణ నాటి పొద్దున సామేలు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. "ఇయ్యాల నా మాట అందరికి ఎరుకైతది, వాసంతీ" అన్నాడు. చాలా రోజులకు అతని ముఖం తేటగా కనిపించింది. ఆఫీసులో ఆ ఫైలు అడిగి తీసుకుని, చంకలో పెట్టుకుని వెళ్లి, మూడు ఉత్తరాలూ పెద్దల ముందు పరిచాడు.

విచారణ చేసే పెద్దమనిషి మొదటి ఉత్తరం ఆసాంతం చదివాడు. "లోపలికి ఎలా దూరాలో ఇంత వివరంగా రాసింది మీరేనా?"

"నేనే, సార్" అన్నాడు సామేలు, కొంచెం గర్వంగానే.

"నా కండ్ల ముంగటనే తెరిచి చూపెట్టిండు, సార్. గదే ల్యాబుల" అన్నాడు నరేందర్.

సామేలు పరుశురాం గారి వైపు చూశాడు. ఆయన బల్ల వైపు చూస్తున్నారు.

"మా దగ్గర గింత తెలివి ఇతనికొక్కనికే ఉన్నది, సార్" అన్నారు ఆయన.

నిరుడు భుజం తట్టింది కూడా ఆ తెలివినే. సాక్ష్యం లేదు కనుక కేసు పెట్టలేదు, ఉద్యోగంలోంచి మాత్రం తీసేశారు. తార్నాకలో నాలుగు ఆఫీసులు ఎక్కి దిగాడు. అన్నిచోట్లా పేరు చెప్పగానే, "ఓ, గా సామేలా?" అన్నారు.

నెల తర్వాత అనుభవ పత్రం కోసం పాత ఆఫీసుకు వెళ్లాడు. రిసెప్షన్‌లో కూర్చోమన్నారు. అతని మాట పక్కన పెట్టి కొన్న అద్దాల అవతల, అతను అడిగిన డబ్బా ఉంది. దానికి పూలదండ వేసి ఉంది. పంతులు గారు గడియారం చూసి తలూపారు. చుట్టూ క్యాంపస్ వాళ్లు, లడ్డూల పళ్లెం. కొత్త పాస్‌వర్డ్ పెట్టడానికి పరుశురాం గారు ముందుకు వంగి, మొదటి అక్షరం గట్టిగా పైకి చదివారు.

రేపు ఏం జరిగినా తన దగ్గరికే వస్తారు. సామేలు గబగబా రెండు చెవులూ మూసుకున్నాడు. చప్పట్లు కొట్టడం ఆగిపోయాక కూడా చాలాసేపు చేతులు తీయలేదు.