ముఖ్య అతిథి విప్పిన గోనెపట్ట

నిరుడు పుత్తూరు విత్తనాల కొట్టులో కొన్న వేరుశనగ విత్తనం మొలవక మా రెండెకరాలూ బీడుపడ్డాయి. అడిగితే, "ఇత్తేది తెలీకుంటే ఇంట్లో కూసో అవ్వా" అని కొట్టు యజమాని పదిమందిలో నవ్వాడు.

ఈ ఏడు వ్యవసాయ కళాశాల అమ్మాయిలు శిక్షణకు మా ఊరొచ్చారు. మా ఇంట్లో దిగిన అమ్మాయి నలుగురిలో నోరు విప్పేది కాదు. ఊరందరికీ మొలక పరీక్ష చూపించే రోజున ముఖ్య అతిథిగా ఆ కొట్టు యజమానినే అమ్మాయిలతో చెప్పి పిలిపించాను. ఈ ఏడు ఆయన కొట్లో కొన్న విత్తనాన్నే వారం ముందు తడి గోనెపట్టలో చుట్టి ఉంచాం. శాలువా కప్పించుకుని ఆయనే విప్పాడు. ఒక్క గింజా మొలవలేదు.

"ఈ చెత్త యాడ తెచ్చినారు పాపా?" అన్నాడు.

ఆ అమ్మాయి జనంవైపు తిరిగి, గట్టిగా, "మీ కొట్లోనే సార్. సంచి ఈడే ఉండాది, సూడండి" అంది.

ఇప్పుడు మా ఊళ్లో మొలక చూడకుండా ఎవరూ విత్తరు. పుత్తూరు వెళ్లినప్పుడల్లా ఆయన ఖాళీ కొట్టును కాసేపు నిలబడి చూసి వస్తాను.